రెండో నంబరు తొట్టి

రాత్రి తొమ్మిదింటికి నేల తుడవడానికి వెళ్ళేసరికి
తొట్టి అడుగున ఆల్చిప్పలు
విప్పేసిన గడియారంలోని మరల్లా
దేనికదే, బెత్తెడు ఎడంగా.
మధ్యాహ్నమంతా రైనౌట్ వాటిని శ్రావణంతో పట్టి పేర్చాడట.
గోడకి కాగితం అంటించాడు:
"ముట్టుకోవద్దు. లైటు ఆర్పవద్దు.
హిల్ట్యే, ఇది నీకే!"

నేనెందుకు ముట్టుకుంటాను?
ముప్పై ఏళ్ళు ముట్టుకున్నాను.
డౌవే పడవ తెచ్చిన ప్రతి బస్తా
ఈ వేళ్ళ సందుల్లోంచే వెళ్ళింది అంగడికి.
వాడెన్ సముద్రపు చలికి గోళ్ళు నీలం తిరిగి
ఏది గోరో ఏది చిప్పో తెలిసేది కాదు.

పదకొండుకి మళ్ళీ చూశాను.
ఒకటి కదిలింది.
కాలు అనలేం, నాలుకలాంటిదేదో బయటపెట్టి
పక్కదాన్ని తడిమి
దారమొకటి అతికించి, ఆగింది.
ఇంకొకటి ఇరుకు గుంపులోంచి తెంచుకుని వచ్చేసింది.
ఆ దారాలు పుటుక్కుమనడం విన్నానంటే
రైనౌట్ నవ్వుతాడు.
నవ్వనీ.

తెల్లారేసరికి తొట్టి నిండా
మెలికలు, చారలు, సందులు,
దారి తప్పించడానికే కట్టిన కోటలా.
మేస్త్రీ లేడు. కొలతాడు పట్టినవాడు లేడు.
కుర్రాడు వచ్చి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి
నన్ను కౌగిలించుకున్నాడు, చీపురుతో సహా.

డౌవే ఉంటే ఇంత సంబరపడేవాడు కాదు.
విత్తనపు చిప్పల్ని అతను సమంగా చల్లేవాడు, పిసినారి ఉప్పు చల్లినట్టు.
రెండు వారాలకి ఆటు దిగాక వెళ్తే
బురద మీద అవి చారలు కట్టుకుని ఉండేవి.
"మొండి ముండలు," అనేవాడు,
"మనం చెప్పిన చోట ఒక్కటీ ఉండదు."

రైనౌట్ బోర్డు మీద రాసి చూపించాడు.
దగ్గరలో ఎందరుంటే అంత మేలు,
అల వచ్చినా లాక్కుపోలేదు. ఇది కూడిక.
కాస్త దూరందాకా చూస్తే, ఎందరుంటే అంత చేటు,
నీళ్ళలో తేలే నాచు అందరికీ చాలదు. ఇది తీసివేత.
"ఈ రెండే, హిల్ట్యే. మిగతాది దానంతటదే."
కంప్యూటర్లో ఆ రెండూ వేసి తిప్పితే
అవే మెలికలు, అవే సందులు,
ఆల్చిప్ప అన్నదే లేకుండా.

నాకు లెక్కలు రావు.
మా వీధి తెలుసు.
కరకట్ట వెనక గోడకి గోడ ఆనించిన ఇళ్ళు.
తుఫాను రాత్రి ఒకరి తలుపు ఒకరం అదిమిపట్టి నిలబడేవాళ్ళం,
తెల్లారాక నీటి మడుల హద్దుల దగ్గర
ముఖం తిప్పుకునేవాళ్ళం.
డౌవే అన్న వీబ్రెన్ పదకొండేళ్ళు మాతో మాట్లాడలేదు.
మధ్యలో ఒక్క ఇటుక మందం. అతని దగ్గు మాకు వినబడేది.

"ఊడిపోయినవాటిని ఎక్కడ రాశావు?" అడిగాను.
బోర్డు మూలన ఒక అక్షరం చూపించాడు.
చిన్నది, తోకతో.
"అలకి కొట్టుకుపోయేవి ఇందులో.
పక్కన ఎవరూ లేకపోతే ఇది పెరుగుతుంది."

నవంబరులో పడవ దొరికింది. డౌవే దొరకలేదు.
అది ఇద్దరు నడపాల్సిన పడవ.
ఆ తెల్లవారుజామున గోడ మీద ఒక్కసారి తట్టి ఉంటే
వీబ్రెన్ బూట్లు తొడుక్కునేవాడు.
తట్టలేదు. నేనూ తట్టలేదు.

ఇవాళ రైనౌట్ బోర్డు తుడవమన్నాడు, కొత్త లెక్క వేయాలట.
తుడిచాను.
మూలన ఆ తోక అక్షరాన్ని ఉండనిచ్చాను.

తొట్టిలో ఒకటి, వరసలన్నిటికీ ఎడంగా,
ఇంకా నాలుక చాపి వెతుకుతోంది.
లైటు ఆర్పలేదు.